దేవుని కుండతో జమ్మలమడుగు దోవలో

మా రూతుకు జ్వరం పట్టి పదకొండు రోజులైంది. ఏడేళ్ళ పిల్ల. వానలు లేక అది రెండో ఏడు, మా మాలపల్లె మొత్తం ఒంటిపూట గంజితో నెట్టుకొస్తోంది. వేపాకు నూరాం, మిరియాల కషాయం పోశాం. మోకాళ్ళమీద ప్రార్థన చేస్తే తగ్గుతుందని నేను మొండిగా కూర్చున్నాను. పన్నెండో రోజు పిల్ల కళ్ళు తెరవడమే తగ్గించాక, జమ్మలమడుగు మిషను ఆస్పత్రికి తీసుకుపోదామని నా భార్య మార్తమ్మ పట్టుబట్టింది. అదే దోవన మీలో ఎవరికైనా పోవలసిన గతి పడుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మా క్రైస్తవ సంఘంలో ఒక అలవాటుంది. ఆడవాళ్ళు ఎసరు పెట్టేటప్పుడు వండే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుని కుండ. కోతపండుగనాడు దాన్ని గుడికి తెచ్చి అప్పజెబుతారు. ఆ కరువులో పల్లెలో చాలా కుండలు ఖాళీ అయ్యాయి, మాది కాలేదు. సంఘపెద్దను కదా, మార్తమ్మ పిడికిలి చిన్నదైతే గదమాయించి ఇంకో నాలుగు గింజలు వేయించేవాణ్ణి. బయలుదేరేటప్పుడు ఆ కొర్రబియ్యం కుండ మూతికి గుడ్డ కట్టి, జమ్మలమడుగు గుడిలో అప్పజెబుదామని బండిలో పెట్టాను. నిండుకుండ చూసి దేవుడు నా బిడ్డను నాకు విడుస్తాడనుకున్నాను. దానికి నేను పెట్టుకున్న పేరు విశ్వాసం. నిజానికి అది బేరం.

కొలిమిగుండ్ల దాటాక ఉన్న మా పల్లె నుంచి జమ్మలమడుగు ఎడ్లబండికి ఒక పగలు. కోడికూతకు కదిలితే పొద్దుగూకేలోపు చేరవచ్చు, ఎద్దుల్లో సత్తువ ఉంటే. మాకు బండి తోలింది దూదేకుల మస్తాను. ఏకడానికి పత్తే లేని ఏడు కాబట్టి బండి తోలుకుని బతుకుతున్నాడు. బాడుగ ముప్పావలా, ఎద్దుల మేత మనదే. దోవలో గడ్డిపోచ దొరకదు, ఇంటినుంచే మోపు కట్టుకోండి. నాపరాళ్ళ మిట్టల మీద బండి ఎత్తెత్తి వేస్తుంది, జబ్బుమనిషి ఉంటే అక్కడ దిగి మోసుకుని నడవడమే మేలు. రూతును భుజాన వేసుకుని నడిచాను. బరువే లేదు. నాకు భయం మొదలైంది అక్కడే.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక ఊరి బయట తుమ్మచెట్ల కింద ఎద్దుల్ని విప్పాం. ఊరిబావిలో మమ్మల్ని చేదనివ్వరు, మస్తానే పోయి కడవెడు నీళ్ళు తెచ్చాడు. మేం కట్టుకున్న జొన్నరొట్టె నీళ్ళలో నానబెట్టినా పిల్ల గొంతు దిగలేదు. అప్పుడు కళ్ళు తెరిచి, “అమ్మా, గంజి,” అంది. జ్వరం ముదిరాక అది నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

“కుండలో గింజలుండాయి గదప్పా. మూడు రాళ్ళు పెడతా, గంజి కాసుకోండి,” అన్నాడు మస్తాను.

మార్తమ్మ చెయ్యి అప్పటికే గుడ్డముడి మీద ఉంది. ఆ చెయ్యి పట్టుకున్నాను. “అవి దేవునివి. మనం ముట్టకూడదు,” అన్నాను.

“పిల్ల అడుగుతాండాది.”

“పొద్దుగూకేలోపు ఆస్పత్రిలో ఉంటాం. ఆడ పోస్తారులే.”

మస్తాను నా మొహంలోకి చూశాడు. “ఏమప్పా, మీ దేవుడు అంత కచ్చితమా?” అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. మార్తమ్మ ముడి మీదినుంచి చెయ్యి తీసేసి, తడిగుడ్డతో పిల్ల పెదాలు తుడుస్తూ కూర్చుంది.

దీపాలు పెట్టేవేళకు చేరాం. ఆస్పత్రిలో పైసా అడగకుండానే మంచం ఇచ్చారు. వెంట వచ్చినవాళ్ళు వండుకోవడానికి వెనక వసారాలో పొయ్యిలున్నాయి. దొరసాని డాక్టరు పిల్లను చూస్తుండగా నేను కుండ ఎత్తుకుపోయి అక్కడి పాస్టరయ్యకు ఇచ్చాను. ముసలాయన, నన్ను ఎరిగినవాడే. దోవలో బిడ్డ అడిగినా ముట్టలేదని గొప్పగానే చెప్పాను, నా నోరు పడిపోను. ఆయన మెచ్చుకోలేదు. కుండ తీసుకుని నేరుగా వసారాలోకి నడిచి, మరుగుతున్న ఎసట్లో గింజలు పోశాడు.

“ఈ కుండ ఇందుకే యోసేపూ. ఆకలైనోళ్ళకు పోసేదానికే. దేవుడు యాడన్నా గంజి తాగుతాడా? ఈడ రోగులకు తోడొచ్చినోళ్ళు శానామంది ఈ గింజలతోనే బతుకుతాండారు,” అన్నాడు.

మొదటి గిన్నె నా చేతికే ఇచ్చాడు. రూతుకు చెంచాతో పోశాను. పెదవి పక్కనుంచి కారిపోయింది. మూడోనాటి పొద్దున పోయింది నా బిడ్డ. గంజి తాగినా నిలిచేది కాదు, జ్వరం అంత ముదిరిందని దొరసాని అంది. నిజమో, నా మొహం చూసి అన్నదో. బతికేది కాకపోవచ్చు. అడిగిన గంజి మాత్రం తాగి పోయేది.

ఖాళీ కుండతో ఇంటికి వచ్చాం. నేను ప్రార్థన మానేశాను. వారం తర్వాత ఒక సాయంత్రం మార్తమ్మ ఎసరు పెట్టి, పిడికెడు గింజలు తీసి ఆ కుండలోనే వేసింది. “ఇంకా ఆ దేవునికేనా?” అన్నాను. ఆమె పొయ్యి ఊదుతూనే చెప్పింది. “రూతు అడిగింది నీకు వినపడల్యా. ఆయనకు వినపడింటాది. ఆయన దగ్గర అది కడుపునిండా తాగుతాండాదని నమ్మితేనే నేను పొద్దున లేస్తాండా. ఆ నమ్మకం గూడా తీసేస్తే నాకేం ఉండాది?” నాకు ఆశ ఉందని మీతో అబద్ధం చెప్పలేను. ఆమెకు ఉంది. సాయంత్రంపూట ఆమె కళ్ళు మూసుకుంటే నేనూ పక్కన కూర్చుంటున్నాను, మాటలు మాత్రం రావడం లేదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ దోవన జబ్బుబిడ్డతో పోతే రొట్టెలు నమ్ముకోకండి. కొర్రబియ్యం, చిన్న గిన్నె, నాలుగు పుల్లలు బండిలో పెట్టుకోండి. మరచిపోతే, కొలిమిగుండ్ల దాటాక దోవ పక్కనే మా మాలపల్లె, మూడో ఇల్లు మాది. మా చేతి గంజి తాగడానికి మీకు పట్టింపు లేకపోతే మార్తమ్మను కేకెయ్యండి. కుండ మూతికి ఇప్పుడు గుడ్డ కట్టడం లేదు.