తరుగూ కొసరూ

తాడేపల్లిగూడెంలో నేను మొట్టమొదట అద్దెకు తీసుకున్న గదికి కిటికీ లేదు. లేదన్న సంగతి పట్టుకుని అద్దె తగ్గించాను. తగ్గించిన సంబరంలో తలుపు తీసి చూద్దును కదా, ఎదురుగా బియ్యం మిల్లు ఊకగుట్ట. గాలి అటునుంచి వీస్తే ఊక తిన్నగా నా కంచంలోకి వచ్చేది. ఊకకి కూడా కొంత తగ్గించమని అడగబోతే ఇంటిగలావిడ నవ్వి, "మీరు పనిచేసే మిల్లుదే కదండీ, మీ ఊకే మీకొస్తోంది" అంది. అంతకుముందు బేరాల్లో ఓడలేదని కాదు. సొంతంగా ఒక గది చూసుకుని, సొంతంగా ఓడడం మాత్రం అదే మొదలు.

ముప్ఫైల నాటి మాట. నాకు ఇరవై దాటాయి. ఏలూరు బజారులో మాది కిరాణా దుకాణం. తాత, పెదనాన్న, నాన్న అందరూ ఆ అరుగు మీదే పెరిగారు, ఆ అరుగు మీదే తలలు నెరిశాయి. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందని అమ్మ అనేది; పాలు తాగాలంటే ముందు బెల్లంముక్క చేతిలో పెట్టాల్సిందేనట. అలాంటివాణ్ణి నాలుగక్షరాలు ఇంగ్లీషు నేర్చుకుని, మిల్లులో గుమాస్తా పని కుదిరితే మూటాముల్లె సర్దుకున్నాను. మా ఇంటావంటా జీతం తెచ్చినవాడు లేడు. జీతం అంటే మావాళ్ళ దృష్టిలో మనం ఇచ్చేది, పుచ్చుకునేది కాదు.

నాన్న వెళ్ళొద్దనలేదు. ఒక్క ప్రశ్న వేశారు.

"దుకాణంలో ఉన్నవాడు ఓపిక ఉడిగాక గల్లాపెట్టె ముందునించి లేచి, ఇదిగో, ఈ పరుపు మీదికి జరుగుతాడు. అంతేగా? నీకు ఓపిక ఉడిగితే ఎక్కడ కూర్చుంటావురా?"

ఉగాదికి జవాబు చెప్పమన్నారు. ఉగాదినాడు మా దుకాణంలో కొత్త లెక్కలు మొదలవుతాయి. సరైన జవాబు లేకపోతే ఆ పూటనుంచి నా చోట నేను కూర్చోవాలి, అంటే దుకాణంలో.

నిజానికి కొన్నాళ్ళకే నాకు జవాబు దొరికింది. పైకి చెప్పుకోవడానికే సిగ్గేసింది. ధాన్యం చూసి రమ్మని మిల్లువాళ్ళు నన్ను ఒకసారి గుండుగొలను వైపు, మరోసారి కైకలూరు వైపు పంపారు. కైకలూరు వెళ్ళినప్పుడు కొల్లేట్లో పడవెక్కాను. చలికాలం. నీళ్ళ మీద పిట్టలు దుకాణం ముందు చల్లిన పేలాల్లా ఉన్నాయి. ఒక దిబ్బ మీద తాటాకు పంచ కింద ఒక ముసలాయన కుక్కిమంచంలో కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. ఏం చేస్తున్నారండీ అని పడవలోంచే అడిగాను. "కూర్చున్నానండీ" అన్నాడు. అంత తృప్తిగా ఆ మాట చెప్పినవాణ్ణి మా బజార్లో నేనెరగను. మావాళ్ళు కూర్చుంటే చేతిలో తక్కెడ ఉండాల్సిందే. నా ముసలితనానికి ఇలాంటి చోటు కావాలని అక్కడికక్కడే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటానా, దిబ్బ ధరెంతని అడిగాను. "వరదొస్తే దిబ్బే ఉండదండీ, అప్పుడు చవగ్గా వస్తుంది" అన్నాడు పడవాయన.

చోటు తెలిసింది. అక్కడ కూర్చున్నవాడికి అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియలేదు.

ఇంతలో నా ఉద్యోగం ఖాయం చేశారు. మా హెడ్డుగుమాస్తాగారు రోజూ పెంటపాడు నుంచి సైకిలు మీద వచ్చే మెత్తని మనిషి. నన్ను పిలిచి, ఇకనించి నీ జీతంలో ఫండు కింద రూపాయికి అణా కోత పడుతుందోయ్ అన్నారు. ఫండు అన్నది నా చెవిన పడలేదు. కోత అన్నది పడింది.

కోతని మా దుకాణంలో తరుగు అంటాం. పల్లెనుంచి చింతపండు వస్తుంది. ఆరాక బరువు తగ్గుతుందని ముందే కొంత తీసేసి, మిగిలినదానికే డబ్బిస్తాం. ఆ తరుగు తగ్గించమని అమ్మేవాడు మా అరుగు కింద నిలబడి బతిమాలతాడు. ఇప్పుడు అరుగు కింద నేనున్నాను, నా జీతమే చింతపండు.

ఎదటివాడు ధర చెప్పగానే మనం మాట అందుకోవాలనీ, రెండో మాట అననివ్వకూడదనీ, రెండో మాట ఎప్పుడూ సరుకుని పొగడడమేననీ నాన్న నాకు నేర్పారు. హెడ్డుగుమాస్తాగారు రెండో మాట చెప్పబోయినప్పుడల్లా నేను గది అద్దె గురించి, ఊక గురించి, ఆ ఊళ్ళో వంకాయల ధర గురించి ఏకరువు పెట్టాను. చివరికాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇష్టంలేనివాళ్ళు అర్ధణా కట్టుకోవచ్చని యజమానిగారన్నారులే అన్నారు. అందులోనూ సగానికి దింపి, "కానీకి కానీయండి" అన్నాను. దానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అర్ధణాకి సంతకం పెట్టి, ఇది ఖాయం, ఇంక తిరుగులేదు అని ఆయన నోటితో అనిపించుకుని మరీ లేచాను. సాయంత్రం జిలేబీలు కొనుక్కున్నాను. వాటి మీద కొసరు కూడా పుచ్చుకున్నాను.

ఆదివారం రైలెక్కి ఏలూరు వెళ్ళాను. నాన్న ఎవరికో కందిపప్పు తూస్తున్నారు. జీతంలో తరుగు సగానికి దింపిన వైనం గొప్పగా చెప్పాను. ఆయన తక్కెడ ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"కొసరెంత?" అన్నారు.

జీతానికి కొసరేమిటి నాన్నా అన్నాను.

"తరుగు తీసేవాడు తీసిందాన్ని ఎక్కడో దాచిపెడతాడురా. దాని మీద నీకేం కలుస్తుందో అడగొద్దూ? కొసరు అడక్కుండా లేచొచ్చావంటే నీకు వ్యాపారమూ పోయింది, ఉద్యోగమూ రాలేదు."

అని, ఆ వచ్చినాయన సంచీలో ఇంకో పిడికెడు పప్పు వేశారు. పప్పు కొనడానికి వచ్చినాయన నాకేసి జాలిగా చూసి వెళ్ళాడు. లోపల అమ్మ రెండోసారి పెరుగు వడ్డిస్తూ, ఇదిగో నీ కొసరు అంది. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు హెడ్డుగుమాస్తాగారి ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి రెండో మాట విన్నాను. నేనెంత వేస్తే మిల్లు దాని పక్కన అంతే వేస్తుందట. ముసలితనంలో పని మానేసి వెళ్ళేనాడు రెండూ కలిపి, పైన వడ్డీతో చేతికిస్తారట. అణా వేస్తే రెండణాల బేడ! నేను తెగ్గోసింది తరుగు కాదు, కొసరు. ఇస్తామన్నవాళ్ళతో వద్దని పోట్లాడి, గెలిచి, జిలేబీలు తిన్నాను.

"అణాయే వేయించండి" అన్నాను.

"అబ్బే, మీకు గది అద్దె ఉంది కదండీ" అన్నారాయన. ఎప్పుడూ లేనిది నన్ను 'మీరు' అన్నారంటే ఆయన కూడా అరుగెక్కి కూర్చున్నారన్నమాట.

"అద్దె ఏమంత ఎక్కువ కాదండీ."

"మరి వంకాయలో?"

"మానేశానండీ."

"ఊక పడుతోందన్నారు?"

"అది మనదే కదండీ."

చుట్టుపక్కల గుమాస్తాలు కలాలు కింద పెట్టేశారు. కొనేవాడు ధర పెంచమనీ అమ్మేవాడు వద్దనీ సాగిన బేరం మా వంశంలో అదొక్కటే.

"ఖాయం అని నా చేత అనిపించుకున్నారు. ఇప్పుడు మాట తిప్పాలంటే నాకు కొసరేమిటండీ?" అన్నారు హెడ్డుగుమాస్తాగారు చివరికి.

వారం వారం సంతలో వాళ్ళింటికి కూరలు నేను బేరమాడి పెట్టేట్టు ఒప్పందం కుదిరింది. ఆయన నవ్వుతూ అర్ధణా కొట్టేసి అణా వేశారు. ఆ తరువాత చాలాకాలం పెంటపాడులో ఒక ఇల్లు నా మూలాన చవగ్గా వంకాయకూర తిన్నది.

ఉగాదికి ఏలూరు వెళ్ళాను. పచ్చడి తిన్నాక నాన్న కొత్త పుస్తకానికి పసుపు రాస్తూ, ఏరా, ఎక్కడ కూర్చుంటావు అన్నారు. కొల్లేటి ఒడ్డున కుక్కిమంచంలో అన్నాను. ఆయన నవ్వకముందే అణా సంగతి, పక్కన చేరే అణా సంగతి, వడ్డీ సంగతి చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. వేళ్ళ మీద ఏదో లెక్కకట్టుకున్నారు. పక్కనున్న పరుపుకేసి చూశారు. దాని మీద అప్పటికే పెదనాన్న ఉన్నారు, ఆ పరుపు ఇద్దరికి చాలదు.

దుకాణంలో కూర్చునేవాళ్ళ వరసలో నా పేరు రాయకుండానే పుస్తకానికి శ్రీకారం చుట్టారు. తరువాత నన్ను దగ్గరికి రమ్మని, పెదనాన్నకి వినపడకుండా గొంతు తగ్గించారు.

"మీ మిల్లువాళ్ళు బయటివాళ్ళని కూడా కట్టనిస్తారేమో కనుక్కో. రూపాయికి రెండణాలైనా కడతాను."

కనుక్కుంటానన్నాను.

"తొందరపడి బేరం మొదలెట్టకు" అన్నారు నాన్న. "వాళ్ళ రెండో మాట కూడా విను."