ఇంట్ల చదవొద్దన్న మాటలు

ఆ రోజుల్ల కొలువు ఎంత దూరముంటే ఇంగ్లీష్ మీద ప్రేమ గంత ఎక్కువుంటుండె. డిగ్రీ అయినంక నేను బాన్సువాడల మా ఇంటి అరుగు మీద కూసొని, పరీక్షల కోసం ఇంగ్లీష్ మాటలు గొంతెత్తి బట్టీ కొడుతుంటి (పిలగాడు చదువుతుండని వాడకట్టుకు గూడ తెల్వాలె గద). ఒకనాడు పొద్దుగూకంగ, ఆపదల పడేసుడుకు ఉన్న మాటలు వచ్చినయ్. ఎండేంజర్, ఇంపెరిల్, జెపర్డైజ్. ఒక్క పాడు పనికి గిన్ని మాటలెందుకో నాకు తెల్వదు గని, మంత్రం లెక్క చదువుతున్న. పక్కన చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తున్న మా అవ్వ, అంటే మా నాయినను కన్నామె, చెయ్యి ఆపింది.

"గవ్విటికి అర్థమేంది బిడ్డా?"

"పానం మీదికి తెచ్చుడు అవ్వా. అన్నిటికీ గదే."

అవ్వ ముఖం మారింది. లోపల మా అక్క కాన్పుకొచ్చి పండుకొని ఉంది. "కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల ఉంటే, దీపం పెట్టే యాళ్ల గవ్వేం మాటలురా? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు."

"దేవతలకు ఇంగ్లీష్ యాడొస్తదవ్వా?"

"నీకే వచ్చినప్పుడు వాళ్లకు రాదా?"

ఇగ ఆ దినం నుంచి గా మాటలను బీర్కూర్ బస్సు ఆగే కాడికి తీస్కపోయి చదువుకుంటుంటి. బస్సు కోసం నిలబడ్డోళ్లు నన్ను జూసి జర దూరం జరిగేటోళ్లు.

నెలలు నిండకముందే అక్కకు బీపీ పెరిగింది. దవాఖానకు తీస్కపోతే, డాక్టరమ్మ ఫోన్ల ఇంకో డాక్టర్‌తోని ఇంగ్లీష్‌ల మాట్లాడుకుంట మా ముంగటి నుంచే పోయింది. అండ్ల ఎండేంజర్ అన్న మాట నాకు సాఫ్‌గ వినబడ్డది. అప్పటిదాంక గది నాకు మార్కులు తెచ్చే మాట. ఇప్పుడు అక్క మీదికి వచ్చింది.

"ఏమంటుందిరా?" అని అవ్వ అడిగింది.

"ఏం లేదవ్వా. ఆపరేషన్ చేస్తరట. ఫికర్ చెయ్యొద్దంటుంది."

అవ్వ నా ముఖం దిక్కు చూసింది. "నువ్వు అరుగు మీద చదివిన మాటే గద అన్నది."

నాకు ఏడుపు ఆగలే. "నేను చదివినందుకేనా అవ్వా గిట్లయింది?"

అవ్వ, బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన చేత్తోని నా చెయ్యి పట్టుకున్నది. తథాస్తు దేవతలను అంత నమ్మిన మనిషి, "నీ నోటికి గంత బలముంటే నీకు ఎప్పుడో కొలువొచ్చేది, ఊకో" అన్నది. నేను ఏడుసుకుంటనే నవ్విన. జర సేపటికి లోపల బిడ్డ ఏడుపు వినబడ్డది. తల్లి గూడ బాగనే ఉన్నదని చెప్పినంక గని అవ్వ నా చెయ్యి ఇడువలే.

సర్కారు కొలువు రానే లేదు. ఒక ప్రైవేటు బడిల ఇంగ్లీష్ సారునైన. అవ్వ ఇప్పుడు లేదు. మొన్న పొద్దుగూకంగ, గప్పుడు పుట్టిన మా అక్క బిడ్డ పుస్తకం పట్టుకొని వచ్చి, "మామా, ఎండేంజర్ అంటే ఏంది?" అని అడిగింది. లోపల దేవుని కాడ దీపం ముట్టించి ఉన్నది.

"చెప్పులేసుకో బిడ్డా," అన్న. "రోడ్డు మీదికి పోయినంక చెప్త."