పొయ్యి ఎవరు చూస్తారని అడిగిన డాక్టరమ్మ

జబ్బుపడిన బిడ్డను తల్లి ఆసుపత్రికి తీసుకురాకపోతే మీరేమంటారు? మూర్ఖురాలంటారు. బుద్ధిలేనిదంటారు. అనండి, వింటాను. కానీ మా మిషను ఆసుపత్రి డాక్టరమ్మగారు మొన్న ఆదివారం వేకువన ప్రభువునందు నిద్రించారు. సమాధి మట్టి ఇంకా ఆరలేదు. ఆ మాట అనేముందు ఆమె సంగతి వినండి.

దారి పక్కన గుడ్డివాడు కేకలు వేస్తే, వాడికి చూపు లేదని ప్రభువుకు తెలియదా? అయినా నీకేం కావాలని అడిగాడు. డాక్టరమ్మగారూ అంతే. గుండెకు గొట్టం పెట్టకముందే, "ఇంట్లో పొయ్యి ఎవరు చూస్తారమ్మా? కూలికి పోకపోతే ఎట్లా గడుస్తుంది?" అని అడిగేవారు. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగేవారు. "అది తెలియకుండా నేనిచ్చే మందు సీసాలోనే ఉంటుంది, కడుపులోకి పోదు" అనేవారు డాక్టరమ్మగారు.

నాలుగైదేళ్ళ కిందట కోట ఊరికి తూర్పున, చేపలవాళ్ళ పాళెంలో ఒక పసిబిడ్డకు వాంతులు, భేదులు. కళ్ళు లోతుకు పోయాయి. వాక్యం చెప్పడానికి నేనూ వెంట పోయిన ఆసుపత్రి జీపు వాకిట్లో నిలిచినా తల్లి కదలలేదు. మగడి పడవ సముద్రం మీద ఉండగా ఇంట్లో పొయ్యి ఆరకూడదు, ఆ ఇంటి ఆడమనిషి దాన్ని విడిచి పోకూడదు. అది ఆ పాళెం కట్టు.

కాంపౌండరు విసుక్కున్నాడు. "నిప్పు ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా?"

"పడవలో ఉండేది వీడి నాయనే గదయ్యా" అంది తల్లి.

డాక్టరమ్మగారు ఇసుకలో చతికిలబడ్డారు. "నీ బదులు ఎవరు నిలిస్తే నువ్వు రాగలవు తల్లీ?"

"మా అత్త నిలవచ్చుమ్మా. చేపలు అమ్ముకోను కోటకు పోయుండాది."

డాక్టరమ్మగారు నా వైపు తిరిగారు. "అన్నా, జీపులో పోయి ఆమెను పంపించండి." తాను ఆ పొయ్యి మీదే గంజి కాయించి, ఉప్పు వేసి, చల్లార్చి, చెంచాతో బిడ్డ నోట్లో పోస్తూ కూర్చున్నారు.

అంగట్లో ఆ అత్త నన్ను ఎగాదిగా చూసింది. "నేనొస్తే ఈ గంప ఎవురు చూస్తారు అయ్యగారా? మీ దేవుడొచ్చి అమ్ముతాడా?"

"ఆయనకు చేపలవాళ్ళు కొత్త కాదులే అవ్వా. ఇప్పటికి నేను కూర్చుంటా, నువ్వు జీపెక్కు."

బైబిలు చంకలో పెట్టుకుని గంప ముందు కూర్చున్నాను. "ఏందయ్యా, వాక్యం వదిలి వంజరం పట్టినావే" అని కొనేవాళ్ళు నవ్వారు.

అత్త పొయ్యి దగ్గర కూర్చుంది. తల్లి బిడ్డనెత్తుకుని జీపెక్కింది. బిడ్డ బతికాడు, తల్లి కట్టూ తప్పలేదు. స్వస్థత గురించి ఎన్ని ఊళ్ళలో గొంతు చించుకుని ప్రకటించానో! దాన్ని కళ్ళారా చూసింది ఆ పొద్దే. ప్రభువు నడిచిన ఇసుక కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

సంఘమా, ఆమె పేర రాతిపలక వేయించాలని మాట్లాడుకుంటున్నారు. పలక ఆగుతుంది. మీ వీధి చివర గుడిసెలో మూలుగుతున్న మనిషి ఎవరో మీకు తెలుసు. ఆసుపత్రికి ఎందుకు పోలేదో తెలియదు. ఈ కాగితం మడిచి లేవండి. ఈ రోజే, పొద్దు గుంకకముందే పోయి, ఆ మనిషి పక్కన కింద కూర్చుని అడగండి.