నీడ లేని విమానం

మా అక్క భర్త, ధర్మవరం బావ, పోయిన నెల ఒక పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయాడు. అక్క ఫోను చేసినప్పుడు నేను హిందూపురంలో మా ఇంట్లో కంప్యూటరు ముందున్నాను. తెర మీద ఏదో ఎడారిలో, విమానాశ్రయం చివర, రెక్కలు తీసేసిన విమానం ఒకటి కనిపిస్తే, ఇది మాత్రం బావ కంటపడి ఉండదని సంబరపడుతున్నాను. ఫోను పెట్టేశాక ముందు ఏడుపు రాలేదు. ఇక దీన్ని చూపించి ఎవరిని ఉడికించాలి అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా ఇద్దరికీ ఉన్న పిచ్చి అది. శాటిలైట్ మ్యాపులో లోకమంతా తిరిగి, పని అయిపోయి మూలన పడేసిన విమానాలను వెతకడం. పాత ఏళ్ళ చిత్రాలు కూడా అందులోనే దొరుకుతాయి. ఒక ఏడు విమానం నిండుగా ఉంటుంది, తర్వాత ఇంజన్లు ఉండవు, ఆ పైన రెక్కలు పోతాయి, చివరికి నేల మీద మరక మిగులుతుంది. మొదలుపెట్టింది నేనే. పెనుకొండ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి, పటమంటే నా సొత్తు అనుకునేవాణ్ణి. రిటైరయ్యాక ఒక ఆదివారం ధర్మవరం వెళ్ళి బావకు నేర్పించాను. చేజేతులా చేసుకున్న పని.

బావ జీవితమంతా పట్టుచీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు గీశాడు. అంత చిన్న గళ్ళలో హంసను, మామిడిపిందెను చూసిన కళ్ళకు మసక చిత్రంలో విమానం ఒక లెక్కా? నేను వారమంతా వెతికి ఒకటి పట్టుకుంటే, ఆయన ఆకువక్క నములుతూ మూడు చూపించేవాడు. “విమానాన్ని చూడొద్దప్పా, నీడను చూడు. రెక్క కింద ఇంజను నీడ లేదంటే అది ఇంగ యాడికీ పోదు,” అనేవాడు. నాకు పాఠం చెప్పినట్టుండేది. పైగా అక్క, నా సొంత అక్క, “మీ బావ కండ్లే కండ్లురా,” అని మురిసిపోయేది.

ఒకసారి నేను కనిపెట్టిన చోటు ఏదని అడిగితే, కావాలని వేరే ఊరి పేరు చెప్పాను. రెండు రోజులు అక్కడే వెతికాడు. అక్కడ ఇంకో రెండు విమానాలు దొరికాయని నాకే ఫోను చేసి థ్యాంక్స్ చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకే సోమందేపల్లి దగ్గర శెనక్కాయ పొలంలో తెల్లటి విమానం కనిపించినప్పుడు నా కాలు నేల మీద నిలవలేదు. మన జిల్లాలో, నడి పొలంలో. ఎప్పుడో దించేసి వదిలేశారనుకున్నాను. బావకు చూపించాను. చాలాసేపు చూసి, “పోదాం పా,” అన్నాడు, అంతే. మరుసటి ఆదివారం ఆయన రైల్లో పెనుకొండకు వచ్చాడు, అక్కణ్ణుంచి నా బండి మీద వెళ్ళాం.

పొలంలో ఒక రైతు కలుపు తీస్తున్నాడు. విమానం ఎక్కడని అడిగితే మమ్మల్ని కింది నుంచి పైదాకా చూశాడు.

“యాడి విమానమప్పా? ఈడ శెనక్కాయ పండేదే కష్టంగా ఉండాది,” అన్నాడు. మా మొహాలు చూసి రెండు చెట్లు పీకి చేతిలో పెట్టాడు.

గట్టు మీద కూర్చుని పచ్చి కాయలు తింటుంటే, బెంగళూరు వైపు దిగుతున్న విమానం ఒకటి మా నెత్తి మీదుగా వెళ్ళింది. అప్పుడు వెలిగింది నాకు. నేను చూసింది పొలంలో ఉన్న విమానం కాదు, పొలం మీదుగా పోతున్న విమానం.

“నీకు ముందే తెలుసునా బావా?”

“దాని కింద నీడ లేకుండె. రంగులు గూడా ఒకదాని పక్కకొకటి జరిగిండె, అచ్చు తప్పినట్ల. శాటిలైట్ ఒక్కో రంగును ఒక్కో క్షణంలో తీస్తాది, అంతలోకే అది జరిగిపోతాండేది కదా.”

“మరి చెప్పల్యా?”

“నువ్వు అంత సంతోషంగా ఉంటివి. ఆదివారమే కదా, పోయొద్దామనుకుంటి.”

ఎగతాళి చేసి ఉంటే భరించేవాణ్ణి. ఆ మంచితనమే నన్ను కాల్చింది. రెండు నెలలు ధర్మవరం ముఖం చూడలేదు. అక్కతో చెప్పి నవ్వుకుంటూ ఉంటాడని నాలో నేనే కుతకుతలాడాను.

బావ కర్మలన్నీ అయ్యాక అక్క ఒక గళ్ళ కాగితాల పుస్తకం నా చేతిలో పెట్టింది. “నీకు తప్ప ఎవరికి అర్థమైతాదిరా ఇది,” అంది. సోమందేపల్లి సంగతి ఆమెకు తెలుసేమోనని కదిపి చూశాను. “సోమందేపల్లికి ఎందుకు పోయింటిరి మీరు?” అని నన్నే అడిగింది.

పుస్తకంలో పేజీకొక విమానం, గళ్ళు నింపి గీసింది. ప్రతిదాని కిందా రెండు ముక్కలు రాశాడు. ఇంజన్లు లేవు. ముక్కు కోసినారు. రెక్కలు పోయినాయి. మరక మాత్రం ఉండాది. చివరి నుంచి రెండో పేజీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెన్సిళ్ళతో, మూడు రంగులూ కాస్త పక్కకు జరిపి గీసిన విమానం. నేను నూరేళ్ళు గీసినా అలా రాదు, అందుకు ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను. దాని కింద ఇలా ఉంది: “సోమందేపల్లి. మా బామ్మర్ది కనుక్కున్నది. ఎగరతాండాది.”

నిన్న మ్యాపు తెరిచాను. ఆ పొలానికి కొత్త చిత్రం వచ్చింది, అందులో శెనక్కాయ సాళ్ళు తప్ప ఏమీ లేవు. పాత ఏళ్ళ చిత్రాల్లోనూ అది దొరకలేదు. విమానం ఇప్పుడు బావ గళ్ళ కాగితం మీద మాత్రమే ఉంది, ముక్కు బెంగళూరు వైపు, కింద నీడ లేకుండా.