గడ్డకట్టిన సరస్సుపై వట్టి పాదాలతో

భద్రాచలంలో తెలుగు పండితునిగా పదవీ విరమణ చేసిన నేను, 2006 శీతకాలంలో సతీసమేతంగా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్లాను. అక్కడ ఉద్యోగం చేస్తున్న నా బావమరిది, ఆ రాష్ట్రంలో తప్పక చూడవలసిన వింతగా గడ్డకట్టిన సరస్సు మీద నడిపించడానికి మమ్మల్ని తీసుకుపోయాడు.

గోదావరిలో అడుగిడే ముందు పాదరక్షలు విడిచి, దోసెడు నీళ్లు తలపై చల్లుకోవడం మా ఇంటి ఆచారం. అందుకే ఒడ్డున బూట్లూ మేజోళ్లూ విప్పసాగాను.

"గిది గోదారి కాదు బావా, మంచు. కాళ్లు పోతయ్" అన్నాడు బావమరిది.

"గడ్డకట్టినంత మాత్రాన గంగ గంగ కాకుండా పోతుందా?" అన్నాను.

"మీ బావ ఎవ్వరి మాట ఇంటడు తమ్మీ, నువ్వు దవాఖానా యాడున్నదో సూస్కో" అన్నది నా భార్య.

నాలుగడుగులు ఠీవిగా వేశాను. అయిదవ అడుగు లేవలేదు. అరికాళ్లు మంచుకు అతుక్కుపోయాయి. క్రమంగా స్పర్శ నశిస్తూంటే, ఈ పాదాలతో మళ్లీ గోదావరి మెట్లు దిగగలనా అని భయపడ్డాను.

మంచుకు రంధ్రం చేసి చేపలు పడుతున్న ఒక వృద్ధుడు గబగబా వచ్చి, తన ఫ్లాస్కులోని గోరువెచ్చని టీ నా పాదాలపై పోసి విడిపించాడు. బావమరిది కారు వైపు లాగుతున్నా వినక, పాదాలు మళ్లీ అతుక్కోకుండా చకచకా ఆ రంధ్రం దగ్గరకే నడిచి, దోసెడు నీళ్లు తలపై చల్లుకున్నాను.

"ఇగనన్న బుద్ధొచ్చిందా?" అన్నది నా భార్య.

అరికాళ్ల చర్మం ఊడి పక్షం రోజులు మంచం దిగలేదు. అయినా చెబుతున్నాను: మళ్లీ వెళ్లినా బూట్లు ఒడ్డునే విడుస్తాను. ఫ్లాస్కు మాత్రం వెంట ఉంచుకుంటాను.