శుక్రవారం పదకొండింటికి పోయే డ్రైవ్: కొల్లేటి లంకలో నాకు జరిగిన శాస్తి

మీరెప్పుడైనా విచారించకుండా ఒకరి మీద నింద వేశారా? నేను వేశాను. మైకు పట్టుకుని, బైబిలు వాక్యం అడ్డం పెట్టుకుని మరీ వేశాను. కొల్లేటి లంకలో, నేను బోధకుడిగా ఉన్న చర్చి సంఘం నడిపే చిన్న ఆసుపత్రిలో రూతమ్మగారు రోగుల వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తారు. శుక్రవారం వచ్చిందంటే రెండు పాత కంప్యూటర్లకూ సర్వర్‌తో సంబంధం తెగిపోయేది. ఆ వివరాలు దాచే సర్వర్ డ్రైవ్ మాయం, ఆవిడ కొట్టినదంతా మాయం. సోమరితనమని ప్రసంగంలో పేరు పెట్టి గద్దించాను. నా మాట పట్టుకుని కమిటీ ఆవిడను మొన్న శుక్రవారం సాయంత్రంతో మానిపించాలనుకుంది. నెట్‌వర్కు పని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కదా, యంత్రంలో లోపం లేదని రుజువు చేయడానికే ఆ ఉదయం బయలుదేరాను.

తాడేపల్లిగూడెంలో ఆరింటికి ప్యాసింజరు ఎక్కితే ఏడు దాటాక ఏలూరు. స్టేషను బయట ఇడ్లీ తిని, యాభై రూపాయలిచ్చి షేర్ ఆటోలో కూర్చున్నాను. చేపల చెరువుల గట్ల మీద గంట దారి. వానాకాలమైతే ఇంకో అరగంట కలుపుకోండి. నన్నెరిగిన డ్రైవరు సుబ్బారావు అద్దంలోంచి నవ్వాడు. "ఏవండీ అయ్యగారూ, ఈవేళ నిప్పులెవరి మీదండీ? చెరువుల వైపు తిరక్కండి, చేపలు ఉడికిపోతాయి!" నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

తొమ్మిదికి పని మొదలుపెట్టాను. కేబుళ్ళు మార్చాను. కరెంటు ఆదా కోసం నెట్‌వర్కు కార్డు నిద్రపోయే సెట్టింగు తీసేశాను. దాదాపు రెండు గంటలు డ్రైవ్ తెగలేదు. "చూశారా, యంత్రం బాగానే ఉంది. చేతులే బాగోలేవు" అన్నాను. రూతమ్మగారు తల దించుకుని "అలాగేనండీ" అన్నారు.

పదకొండింటికి పక్క హాల్లో ప్రతి శుక్రవారం నేనే జరిపే ఉపవాస ప్రార్థన. ఎప్పటిలాగే వేదిక వెనక ఉన్న ఒక్క సాకెట్టులోని ప్లగ్గు పీకి, నా మైకుది పెట్టాను. పాట ఎత్తుకోగానే వంటమనిషి సుగుణమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారండీ, మళ్ళీ పోయిందంటండీ!" వెళ్ళి చూస్తే, పాత కంప్యూటర్లను సర్వర్‌కు కలిపే స్విచ్ పెట్టెలో ఒక్క లైటూ లేదు. దాని కరెంటు తీగ గోడ కన్నంలోంచి అవతలికి వెళ్ళింది. తీగ వెంటే నడిచాను. అది వేదిక వెనక, నేను పీకి పడేసిన ప్లగ్గు దగ్గర ఆగింది.

అది దేనిదని ఏడాదిగా ఒక్కరినీ అడగలేదు. ప్రార్థన అయ్యాక నేనే తిరిగి పెట్టేవాణ్ణి, కానీ ఆ పాత కంప్యూటర్లు వాటంతటవి మళ్ళీ కలిసేవి కావు.

"ప్లగ్గు సంగతి ముందే చెప్పలేకపోయారా?" అన్నాను రూతమ్మగారితో. అప్పటికీ నా బుద్ధి పోలేదు.

"నాకూ తెలీదండీ. తెలిసినా, మైకు మీ చేతిలో కదండీ ఉండేది" అన్నారావిడ.

అదే మైకులో జరిగింది చెప్పాను. కమిటీ పెద్దలు అక్కడికక్కడే తమ మాట వెనక్కి తీసుకున్నారు. రూతమ్మగారు మాత్రం హాల్లోకి రాలేదు. పోయిన పేజీలు మళ్ళీ కొడుతున్నారు.

తిరుగు రైల్లో లేఖనం తెరిచాను. ఇన్నాళ్ళూ ఇతరుల కోసం గీతలు గీసుకున్న మాటలన్నీ నన్నే చూస్తున్నాయి. గద్దించే వరం ఉందనుకున్నాను గానీ, అడిగి తెలుసుకునే ఓపిక లేదు నాకు. మీ దగ్గరా డ్రైవ్ తెగుతుంటే, తెగిన టైము ప్రతిసారీ రాసుకోండి. ఆ టైముకి ఆ భవనంలో ఎవరు ఏ ప్లగ్గు తీస్తున్నారో చూశాకే సెట్టింగుల జోలికి వెళ్ళండి. ఇక మీరు నోరు పారేసుకున్న మనిషెవరో మీకు తెలుసు. రేపనకండి, ఫోనుతో సరిపెట్టకండి. చెప్పులు వేసుకుని ఈరోజే, ఇప్పుడే, ఆ గుమ్మానికి వెళ్ళండి!