రాజలింగం కాక పద్యం మరిచిపోలేదు

చెప్పవలసిన మాట ఒకటి చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. ఆ మాట వినవలసిన మనిషి పోయిన నెల శామీర్‌పేటలో తన ఇంట్లో కన్నుమూశారు. ఆయన కూతురు సుగుణ ఫోన్ చేసి "అన్నా, నాయిన పోయిండు" అన్నప్పుడు, నిజం చెప్పాలంటే, దుఃఖం కంటే ముందు ఒక తేలిక కలిగింది. ఇక ఆ మాట ఆయన ముఖం చూసి చెప్పే పని తప్పిందన్న తేలిక. ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టింది.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల పద్యనాటకాలు చూసిన పెద్దలకు రాజలింగం కాకను పరిచయం చేయనక్కరలేదు. ఇరవై ఏళ్లకు పైగా రాజు వేషాలు కట్టారు. తర్వాతి తరం వారికి ఆయన పేరు తెలియదు గాని, ఒక విధంగా ఆయన్ని చూసే ఉంటారు. బడి వదిలి ఇంటికొచ్చి టీవీలో మా చేతిబొమ్మల నాటకాలు చూసిన పిల్లలకు మెలితిరిగిన మీసాల బొమ్మరాజు గుర్తుంటాడు. బొమ్మరాజు రాగం తీస్తుంటే ఎదుటి బొమ్మ చాయ్ తాగి వచ్చేది. యుద్ధంలో చచ్చిన బొమ్మరాజు, ఎవరో 'వన్స్ మోర్' అనగానే లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. అన్నిటికంటే పేరొచ్చింది వేరే ముక్కకు. ఎదుటివాడు నోరు తెరవకముందే బొమ్మరాజు కోపంతో ఊగిపోతూ పద్యం అందుకుంటాడు. బొమ్మ మంత్రి బిక్కమొహం వేసి, "నేనింకా ఏమీ అనలేదు రాజా!" అంటాడు.

ఆ మాటలు రాసింది నేను. రాజుకు గొంతు నాది, లోపలి చెయ్యీ నాదే. ఆనాటి పిల్లలు ఇప్పుడు నలభైలకు దగ్గరపడి, ఆ ముక్కలను ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటూ ఆ రోజులే వేరనుకుంటున్నారు. ఈ మధ్య కొంపల్లిలో ఒక మాల్ పార్కింగ్‌లో ఎవరో నా గొంతు గుర్తుపట్టి, కొడుకును పిలిచి, "అరే, గీ సారేరా మా చిన్నప్పటి బొమ్మరాజు" అన్నాడు. నేను నవ్వుతూ ఫొటో దిగాను. ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో రాయకుండా కాక గురించి నేను ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

కాక జీడిమెట్లలో ఒక ఫౌండ్రీలో పనిచేసేవారు. ఇసుకతో అచ్చు కట్టి, అందులో కరిగిన ఇనుము పోసే పని. డిగ్రీ అయ్యాక నేను అక్కడ హాజరు పట్టీ రాసే గుమాస్తాగా చేరాను. ఇనుము పోస్తున్నంతసేపూ ఆయన పెదవి కదిపేవారు కాదు. పోత ముగిసి, అచ్చు చల్లారే లోపల ఒక పద్యం ఎత్తుకునేవారు. లేతు మిషన్ల మోత మీదుగా ఆ గొంతు గేటు దాకా వినపడేది. "పోత నడుమ ఆగొద్దు పిలగా, పద్యం నడుమ ఆగొద్దు. ఆగితే అతుకు కనవడ్తది" అనేవారు. ఆ మాట నేను చాలామంది నటులకు చెప్పాను, నా సొంత మాటలాగా.

ఆయనకు చదువు రాదన్న సంగతి నాకు హాజరు పట్టీ దగ్గర తెలిసింది. అందరూ సంతకాలు పెట్టి వెళ్లాక, ఒక్కరే వచ్చి వేలిముద్ర వేశారు. నా ముఖంలో ఆశ్చర్యం చూసి, "బయట అనకు. రాజుకు అక్షరం ముక్క రాదంటే కిరీటం నిలుస్తదా?" అని నవ్వారు. వందల పద్యాలు ఆయన చెవితో నేర్చినవే. ఈ రహస్యాన్ని అచ్చులో పెట్టడానికి సుగుణను అడిగాను. "రాయన్నా. సదువు రాకనే గంత నేర్చిండని తెలవనీ" అన్నది.

అప్పటి నుంచి ఆయనకు పుస్తకం చదివే పని నాదయింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇసుక కుప్ప పక్కన కూర్చునేవాళ్లం. నేను చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. మూడోసారి చదివేసరికి నేను ఎక్కడ తడబడ్డానో ఆయనే చెప్పేవారు. పుస్తకం మూయబోయే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "ఇంకేమన్న ఉన్నదా?"

"అంతే కాకా" అనేవాణ్ణి. అప్పుడు లేచి అచ్చుల దగ్గరికి వెళ్లేవారు.

ఒక ఏడు హైదరాబాదులో పద్యనాటక పోటీలకు మేడ్చల్‌లో రిటైరైన ఒక పంతులుగారు కొత్త నాటకం రాసిచ్చారు. రాజు వేషం కాకది. ఎదుటి సామంతరాజు వేషం మేడ్చల్ భిక్షపతి మామది. మిగతావాళ్లు తలా ఒక ఊరు. అందరూ కలిసి రిహార్సల్ వేసుకోవడానికి వీలే కుదరలేదు, రంగు పూసుకుంటూ ఎవరి మాటలు వాళ్లు మననం చేసుకోవడమే. నాకిచ్చిన పుస్తకం కుట్టు ఊడిపోతుంటే నేనే మైదాపిండి జిగురుతో అతికించాను. జిగురు లోపలికి పాకి రెండు కాగితాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. నేను చూసుకోలేదు. ముప్పై ఒకటో పేజీ తర్వాత ముప్పై నాలుగు చదివాను. ఒక దాని చివర సామంతరాజు సభలోకి వస్తాడు, రెండో దాని మొదట్లో రాజు కోపంతో పద్యం అందుకుంటాడు. ఎక్కడా తెగినట్టు అనిపించలేదు. కాక అదే నేర్చుకున్నారు.

పోటీ రోజు మధ్యాహ్నం హాలు నిండుగా ఉంది. భిక్షపతి మామ సభలోకి వచ్చి, గొంతు సవరించుకుని, నోరు తెరవబోయాడు. కాక చెయ్యెత్తి పద్యం అందుకున్నారు. తనను, తన తల్లిని దూషించినవాణ్ణి కడిగిపారేసే పద్యం అది. దూషణ ఇంకా జరగనే లేదు. ఏం చేయాలో తోచని భిక్షపతి మామ, "నేనింకా ఏమీ అనలేదు గదా రాజా!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఈలలు వేశారు. ఎవడో 'వన్స్ మోర్' అని అరిచాడు. కాక ఆగలేదు. ఆ నవ్వుల మధ్యే ఆఖరి పాదం దాకా, రాగం చెడకుండా పాడి ముగించారు.

పక్క తెర వెనక నేను పుస్తకం తెరిచి చూశాను. మందంగా ఉన్న కాగితం వేళ్లకు తగిలింది. ఒక వైపు ముప్పై ఒకటి, రెండో వైపు ముప్పై నాలుగు.

నిర్వాహకుడు ఒకాయన మండిపడుతూ వచ్చాడు. "ఏమైందయ్యా మీ రాజుకు? పట్టపగలే కల్లు తాగొచ్చిండా?" అని నన్నే అడిగాడు. కాక జన్మలో కల్లు ముట్టలేదు. నేను తల దించుకున్నాను. నా మౌనాన్ని అతను అవునని తీసుకున్నాడు. కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న కాక లేచి వచ్చి, "తాగలే సారూ. నాకే యాది తప్పింది" అన్నారు. ఏమీ యాది తప్పలేదని ఆయనకు తెలుసు. ఆ మాట అంటే నా పేరు చెప్పాలి, తనకు చదువు రాదని చెప్పాలి.

మేడ్చల్ బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. చాలాసేపటికి అడిగారు.

"నువ్వు సదివినంత పాడిన గదా, పిలగా?"

"పాడినవ్ కాకా."

"ఇంకేమన్న ఉండెనా?"

"అంతే కాకా."

"పుస్తకం ఇటియ్యి. పెట్టెల వెడ్త" అన్నారు. ఇచ్చేశాను. ఆయనకు చదువు రాదు కదా, ఏం తెలుస్తుందిలే అనుకునే ఇచ్చాను. నా బతుకులో అంతకంటే నీచమైన తలపు మరొకటి లేదు.

ఆ తర్వాత ఆయనకు పిలుపులు తగ్గాయి. నాటకాలు ఒప్పుకునే గుత్తేదారులు "ముసలోనికి మతి పోయింది" అని ఒకరు, "తాగుతడట" అని ఒకరు అనడం నేను విన్నాను. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. రెండేళ్లలో రాజు వేషం పూర్తిగా ఆగిపోయింది. ఫౌండ్రీలో పద్యాలు మాత్రం ఆగలేదు.

ఇంతలో నాకు టీవీలో పిల్లల కార్యక్రమంలో పని దొరికింది. బొమ్మరాజుకు కిరీటం కావాలని కాక ఇంటికి వెళ్లాను. ఆయన తన కిరీటం తీసి, ముందుభాగంలోని తురాయి ఊడదీసి, దాని చుట్టూ ఉన్న అద్దాల పూసలు కూడా కోసి, నా బొమ్మ తలకు సరిపోయేట్టు చిన్న కిరీటం కుట్టిచ్చారు.

"నీదెందుకు పాడుజేస్తవ్ కాకా?" అన్నాను.

"పెట్టెల ఉంటే ఎలుకలు జూస్తయి. గీడనైతె పిల్లగాండ్లు జూస్తరు." ఆ తర్వాత నా ముఖంలోకి చూసి, "ఇంకేమన్న ఉన్నదా?" అన్నారు.

"అంతే కాకా."

కొన్ని వారాలకే నా దగ్గర సరుకు అయిపోయింది. ఒక రోజు స్టూడియోలో, ఏమీ తోచక, ఆ పోటీనాటి సంగతి బొమ్మలతో ఆడించాను. కెమెరా పట్టుకున్నవాడు నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నాడు. ఇక వారం వారం అదే. కాక పద్యానికి ముందు కిరీటం సర్దుకుని, గుటక మింగి, ఎడమ భుజం ఎగరేసే తీరు కూడా బొమ్మకు నేర్పాను. ఆయన తలకెత్తుకున్న కిరీటం పూసలతోనే ఆయన్ని వెక్కిరించాను.

మన ఊళ్లలో అసలు సంగతి తెలిసినవాళ్లకు బొమ్మరాజు ఎవరో వెంటనే అర్థమైంది. కాక సైకిల్ మీద పోతుంటే పిల్లలు వెంటపడి, "రాజా! నేనింక ఏం అనలే!" అని అరిచేవారట. ఆయన సైకిల్ ఆపి, మీసం మెలేసి, పిల్లల్ని నవ్వించి పోయేవారట. నేను ఎదురుపడ్డప్పుడు ఒకే ఒక్క మాట అన్నారు. "బొమ్మకు కిరీటం మంచిగ గూసున్నది." అది మెప్పా, దెప్పా అని ఏళ్ల తరబడి ఆలోచించాను. ఆలోచించడం తేలిక, అడగడమే కష్టం.

చనిపోవడానికి రెండు నెలల ముందు చూడటానికి వెళ్లాను. చూపు మందగించింది, గొంతు మాత్రం అలాగే ఉంది. "ఏమన్న సదువు పిలగా" అన్నారు. నా తల నెరిసినా ఆయనకు నేను పిలగాన్నే. పక్కనున్న పేపరు తీసి ఒక వార్త చదివాను. కళ్లు మూసుకుని విన్నారు. పేపరు మడుస్తుంటే అడిగారు, "ఇంకేమన్న ఉన్నదా?"

గుమ్మంలో నిలబడ్డ సుగుణ నా వైపే చూస్తున్నది. "అంతే కాకా" అన్నాను. సుగుణ లోపలికి వెళ్లిపోయింది.

దినాలనాడు వాకిట్లో షామియానా వేసి, కుర్చీ మీద ఆయన ఫొటో పెట్టారు. మీసం మెలేసిన ఫొటో. నాటకాల వాళ్లంతా వచ్చారు. వారిలో ఒకరు, ఇక ఆ రాగం తీసే గొంతు మన దిక్కు లేదని కంటతడి పెట్టారు. అది నిజం. మైకు లేకుండా మూడు వందల మందికి ఒత్తులతో సహా వినపడే గొంతు మళ్లీ నేను వినలేదు, ఇక వినను కూడా. ఆ తర్వాత భిక్షపతి మామ లేచాడు. ముసలితనంలో ఆయన కూడా ప్రేమతోనే చెప్పాడు.

"ఎన్ని జెప్పినా మా రాజన్న పాణమసొంటోడు. కని ఆ పొద్దు సూడుండ్రి, నేను నోరే తెర్వలే, లేశి తిట్టవట్టిండు! నడుమ పద్యాలన్ని మర్సిపాయె. 'నేనింకా ఏమీ అనలేదు గదా రాజా!' అన్న. ఇగ జనం..."

షామియానా కింద అందరూ నవ్వారు. కాక మనవడు కూడా నవ్వాడు. ఫొటోకు దండ సర్దుతున్న సుగుణ చేయి ఆగిపోయింది.

లోపలికి వెళ్లి, పాతగుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా మైదాజిగురు మరకలు అట్ట మీద ఇంకా ఉన్నాయి. ముప్పై రెండు, ముప్పై మూడు పేజీలు బ్లేడుతో జాగ్రత్తగా విడదీసి ఉన్నాయి. కష్టమైన మాటల కింద పసిచేతి పెన్సిల్ గీతలు.

నాకు మాత్రమే వినపడేట్టు అన్నది. "పోటీ అయినంక నాతోని సదివిచ్చిండన్నా. ఆరో తరగతిల ఉంటి. అన్నను అడుగొద్దు, తనే చెప్తడు అన్నడు."

అంటే కిరీటం కోసిచ్చిన నాటికే ఆయనకు తెలుసు. అప్పటి నుంచి ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ తెలిసే అడిగారు.

లేచి నిలబడి ఆ రెండు పేజీలూ చదివాను. సామంతరాజు మూడుసార్లు దూషిస్తాడు. రాజు మూడుసార్లు ఓర్చుకుంటాడు. ఆ ఓర్పు పద్యాలు కాక నోట ఎవరూ వినలేదు. నా గొంతులో అవి పద్యాల్లా లేవు. చదివి భిక్షపతి మామ వైపు తిరిగాను.

"భిక్షపతి మామా, ఆ పొద్దు నువ్వు అనాల్సినవి ఇవి. కాకకు సదివింది నేను. గీ రెండు పేజీలు సదువలే. కాక మర్వలే, తాగలే. నాకు గా పొద్దే ఎర్కయింది. ఎర్కయి కూడ దాసిన. దాసింది సాలక టీవీల వెట్టి నవ్విచ్చిన" అన్నాను.

నేను ఫొటో ముందుకు వెళ్లాను. నలుగురూ వినాలనే గట్టిగా అన్నాను.

"అంతే అన్న గదా కాకా. అంతే కాదు. ఇంక రెండు పేజీలుండె. తప్పు నాది. నన్ను మాఫ్ జెయ్యి."